ట్రైలర్ వెనక నిలబడ్డ మనిషి

పొద్దున్నే ట్రైలర్‌లో చిన్న పొయ్యి మీద కాఫీ పెట్టి, గుడ్లు వేయమంటావా, అట్లు పోయమంటావా అని లోర్నా మొగుణ్ణి అడిగింది. వెండెల్ గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ "అలాగే" అన్నాడు.

అలాగే ఏమిటి? గుడ్లా, అట్లా? ఆమె రెండోసారి అడగలేదు. రెండోసారి అడగడం మానేసి రెండేళ్ళయింది. గుడ్లే కొట్టి పెనం మీద పోసింది. అతను మాట్లాడకుండా తిన్నాడు, పళ్ళెం కడిగాడు, బయటికి పోయి బండి ఇంజన్ మూత ఎత్తి నిలబడ్డాడు.

ఏటా వేసవిలో వాళ్ళిద్దరూ మిన్నెసోటా నుంచి బండి వెనక చక్రాల ఇల్లులాంటి ఈ ట్రైలర్ తగిలించుకుని పార్కులు తిరగడానికి బయల్దేరతారు. దారిలో రాష్ట్రాల పార్కుల్లో ఒక్కో రాత్రి ఆగుతూ, చివరికి ఏదో ఒక జాతీయ పార్కుకి చేరతారు. ఈసారి బ్యాడ్‌లాండ్స్. ఈసారి కూతురు హైడీ కూడా వచ్చింది, ఫార్గో నుంచి, తొమ్మిదేళ్ళ కూతురు టెస్‌ని వెంటబెట్టుకుని. మనవరాలికి రాళ్ళగుట్టలు చూపించడానికని వెండెల్ అనుకుంటున్నాడు. అసలు సంగతి వేరు. ఈ ప్రయాణం అయ్యాక లోర్నా మిన్నెసోటా ఇంటికి తిరిగి వెళ్ళదు. హైడీ ఇంట్లో గది సిద్ధంగా ఉంది. ఆ మాట మొగుడితో బ్యాడ్‌లాండ్స్ చేరాక చెబుదామని తల్లీకూతుళ్ళు అనుకున్నారు. చెప్పేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలని హైడీ వచ్చింది.

అతను తాగుబోతు అయి ఉంటే లోర్నా ఎప్పుడో వెళ్ళిపోయేది. కొట్టి ఉంటే అంతకన్నా ముందే వెళ్ళేది. వెండెల్ ఆ రెండూ చేయలేదు. ఆమెని లెక్కలోంచి తీసేశాడు, అంతే. టీవీ ముందు కూర్చోవడం మానేశాడు. చర్చి అయ్యాక కింద హాల్లో అందరూ కాఫీ తాగుతుంటే తను పోయి బండిలో కూర్చునేవాడు. ఫోన్ మోగితే ఆమె వైపు చూసేవాడు. ఆమె ఏం చెప్పినా 'అలాగే'. తన చెల్లెలు పోయిందని ఆమె చెప్పినప్పుడు కూడా అటు తిరిగి చెక్క చిత్రిక పడుతూ 'అలాగే' అన్నాడు. ఆ రోజే లోర్నా మనసు విరిగింది. మూడో రోజు దాకా ఆ చావు సంగతి అతనికి పట్టనేలేదు. అప్పుడు చర్చి వాకిట్లో ఎవరో చెయ్యి పట్టుకుని పరామర్శిస్తే, మొహం పాలిపోయి ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆలస్యంగా వచ్చిన ఏడుపు ఎవరికి కావాలి? ఆమె లేచి వేరే గదిలోకి పోయింది.

ఊళ్ళో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. అక్కడి మగవాళ్ళు మాటని విత్తనాల వడ్లలా దాచుకుంటారు. మాట్లాడకపోతే పెద్దమనిషి అంటారు. ఇక ఆడా మగా ఎవరిని ఎలా ఉన్నారని అడిగినా ఒకటే జవాబు, పర్లేదు. కాలు విరిగినా పర్లేదు, కొట్టం కాలినా పర్లేదు. చచ్చినవాణ్ణి లేపి అడిగితే వాడూ అదే చెబుతాడు.

గుడ్లు తిన్నాక నలుగురూ చెరువు చుట్టూ బాటలో నడిచారు. వెండెల్ ఎప్పటిలాగే ముందు నడిచాడు. టెస్ అతని వెనకే పరిగెడుతూ, చెట్టుకి చిల్లులు పొడిచింది ఏ పిట్ట తాతయ్యా, ఈ పుట్టగొడుగు తినొచ్చా తాతయ్యా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. ఒక్కదానికీ జవాబు లేదు. పిల్ల వెనక్కొచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. తాతయ్యకి నేనంటే ఇష్టం లేదా అని అడిగింది. లోర్నా ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన సంగతి తను భరించింది. పసిదాని మొహం అలా వాడిపోతుంటే మాత్రం ఆమెకి ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం దాటాక తర్వాతి పార్కుకి చేరారు. గేటు దగ్గర గదిలోని అమ్మాయి ఎన్నాళ్ళుంటారని అడిగింది. వెండెల్ ముందుకి చూస్తూ "నలుగురం" అన్నాడు. అమ్మాయి నవ్వింది. లోర్నా సిగ్గుతో చితికిపోయి, పక్క నుంచి వంగి ఒక్క రాత్రే అని చెప్పింది. పరాయి పిల్ల మాటకి కూడా విలువ లేదు ఈ మనిషి దగ్గర అనుకుంది.

ఇలా పార్కుల్లో బస చేసే కుటుంబాలకి ఒక ఆచారం ఉంది. చెట్ల మధ్య ఇచ్చిన జాగాలోకి ట్రైలర్‌ని వెనక్కి నడిపి పెట్టాలి. మొగుడు స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. పెళ్ళాం వెనక నిలబడి చేతులూపుతుంది. చక్కగా లోపలికి పోతే అతని పనితనం. చెట్టుకి తగిలితే ఆమె తెలివితక్కువతనం. చుట్టుపక్కల జాగాల వాళ్ళు మడత కుర్చీలు ఇటు తిప్పుకుని బీరు డబ్బాలు పట్టుకుని చూస్తారు. టిక్కెట్టు లేని ఆట. ఈ ఆచారం ఎవరు పెట్టారో కానీ ఆడది మాత్రం పెట్టి ఉండదు.

ఒకప్పుడు ఈ ఆటలో వీళ్ళని మించిన జంట లేదు. ఆమె రెండు చేతులూ తల పైకి ఎత్తి కొంచెం ఊపితే చాలు, అతను అద్దంలో చూసి ఒక్క ఊపులో లోపల పెట్టేవాడు. తర్వాత లోర్నా కుడి భుజం బిగుసుకుపోయింది. డాక్టరు ఏదో పేరు చెప్పాడు. ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పర్లేదు అనుకుంది. చెయ్యి లేవదు కాబట్టి నోటితో చెప్పడం మొదలుపెట్టింది. కుడికి, ఇంకొంచెం, ఆగు. అతను ఆ మాటల్లో ఒక్కటీ లెక్కచేసేవాడు కాదు. తన ఇష్టం వచ్చినట్టు నడిపి, నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుని, దిగి మాట్లాడకుండా పోయేవాడు.

ఆ రోజూ అంతే. ఆమె ఆగమంది. మళ్ళీ ఆగమంది. గొంతు చించుకుని అరిచింది. ట్రైలర్ వెనక మూల పోయి పైన్ చెట్టుకి కొట్టుకుంది. వెనకున్న ఇనుప నిచ్చెన మెలితిరిగింది. కుర్చీల్లో వాళ్ళు అయ్యో అని లేచారు.

వెండెల్ దిగి వచ్చి నిచ్చెన ముందు గొంతుక్కూర్చున్నాడు. హైడీ నీళ్ళ కుళాయి దగ్గర్నుంచి ఉరుకుతూ వచ్చింది. అమ్మ అరిచిన అరుపు పార్కంతా వినపడింది, నీకొక్కడికే పట్టలేదా అని తండ్రి వీపు మీద విరుచుకుపడింది. అతను తిరగలేదు. నిచ్చెన కడ్డీని చేత్తో వంచి చూస్తున్నాడు.

లోర్నాకి ఇక బ్యాడ్‌లాండ్స్ దాకా ఓపిక లేదు.

"హైడీ, నువ్వాగు. నా మాట నేనే చెప్పుకుంటా." ఆమె మొగుడి వెనక నిలబడింది. గొంతు పెంచలేదు. "వెండెల్, ఈ ప్రయాణం అయ్యాక నేను హైడీ దగ్గరికి వెళ్ళిపోతున్నా. నీతో ఇంటికి రాను. ఇక నావల్ల కాదు."

వెండెల్ కడ్డీని ఇంకొంచెం వంచాడు. "అలాగే" అన్నాడు.

నలభై ఏళ్ళ కాపురం మూడక్షరాల్లో తేలిపోయింది. లోర్నా కళ్ళలో నీళ్ళు కూడా రాలేదు.

హైడీ మాత్రం ఊరుకోలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి తండ్రి ఎదురుగా కూర్చుని రెండు భుజాలూ పట్టుకుంది. "అలాగేనా నాన్నా? అమ్మ నిన్నొదిలి వెళ్ళిపోతానంటే, అలాగేనా?"

అతను కూతురి పెదాల వైపు చూశాడు. చేతిలోని కడ్డీ వదిలేశాడు. నెమ్మదిగా వెనక్కి తిరిగి భార్యని చూశాడు.

"ఎప్పుడంది?"

"ఇప్పుడే. నీ వీపు వెనక నిలబడి."

"నాకు వినపడలేదు."

"వినపడలేదా, వినిపించుకోలేదా?" హైడీ విసురుగా అటు తిరిగిపోతూ అడిగింది. తనని ఏదైనా అడిగిందేమో అన్నట్టు అతను కూతురి మెడ వైపు చూస్తున్నాడు.

ఆ చూపు లోర్నా కంటబడింది. ఆమె మెల్లగా నడిచి మళ్ళీ అతని వెనక్కి వచ్చింది. మామూలు గొంతుతో, ఉప్పు అందించమన్నట్టు చెప్పింది.

"వెండెల్, నీ చొక్కా అంటుకుంది. వీపు మీద మంట లేస్తోంది."

వెండెల్ కదల్లేదు. నీళ్ళ డబ్బా మోసుకుంటూ వచ్చిన టెస్ మాత్రం బెదిరిపోయి తాత చొక్కా అంతా వెతికింది. "ఎక్కడ అమ్మమ్మా? నీళ్ళు పొయ్యనా?"

లోర్నా పైన్ ఆకుల మీద కూలబడింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియదు. చెల్లెలు పోయిన రోజు, అటు తిరిగి చిత్రిక పడుతున్న ఆ వీపు కళ్ళముందు కదిలింది. అప్పుడూ వినలేదు. రెండేళ్ళుగా ఆమె మాట్లాడింది ఒక వీపుతో.

అతను వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. రంపపు మిల్లులో బతుకంతా పని చేసినందుకు చెవులు పోయాయి. తన తండ్రికీ ఇలాగే పోయాయి. చెవిటివాడని కాఫీ హోటల్లో అందరూ ఆ ముసలాయన వెనక నవ్వేవాళ్ళు, చివరికి ఆయనతో మాట్లాడటమే మానేశారు. తననీ అలా పక్కన పెడతారని భయపడ్డాడు. ఎవరో ఏదో అన్న అలికిడి తెలిస్తే చాలు, అలాగే అనేసేవాడు. జనంలో ఉంటే పట్టుబడతాడు కాబట్టి జనంలోకి పోవడం మానేశాడు.

"పార్కుల్లో మాత్రం నాకు భయం ఉండేది కాదు" అన్నాడు. "ఇక్కడ మాటలక్కర్లేదు కదా. నువ్వు చేతులెత్తితే చాలు, నాకంతా తెలిసేది. ఆ చేతులు నువ్వు దించేశావు. అద్దంలో చూస్తే ఊరికే నిలబడి ఉంటావు. నాతో విసిగిపోయావనుకున్నా."

"అడగొచ్చుగా."

"ఔనంటావేమోనని అడగలేదు."

లోర్నా కుడి చెయ్యి ఎత్తి చూపించింది. చెవి దాకా కూడా రాలేదు. నొప్పికి మొహం ముడుచుకుంది. ఎప్పట్నించి అని అడిగాడు. ఎప్పట్నించో చెప్పింది. నాతో చెప్పలేదేమని అడిగాడు.

"పర్లేదులే అనుకున్నా" అంది.

హైడీ బల్ల మీద కూర్చుని తల పట్టుకుంది. "ఒకరికి చెవుల్లేవు, ఒకరికి చేతుల్లేవు. ఇద్దరికీ నోళ్ళున్నాయి, అవే వాడలేదు. మీ ఇద్దర్నీ కన్నవాళ్ళని అనాలి."

అప్పటికి ట్రైలర్ ఇంకా బాటకి అడ్డంగానే ఉంది. వెనక మరో కుటుంబం బండి వచ్చి ఆగింది. ఆ ప్రాంతం వాళ్ళు హారన్ కొట్టరు. ఆ పెద్దమనిషి దిగి వచ్చి, తొందరేం లేదండీ, మీ పని కానీండి అన్నాడు. అని గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

వెండెల్ లేచి స్టీరింగ్ వైపు నడవబోయాడు. లోర్నా అతని మోచెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నేను తోలతా. నువ్వు వెనక్కి వెళ్ళు. నీకు చేతులున్నాయి, నాకు కళ్ళున్నాయి."

ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? స్టీరింగ్ మగవాడిదని చట్టమేదో ఉన్నట్టు అందరూ బతుకుతున్నారు. వెండెల్ ఒక్క క్షణం ఆమె మొహం చూసి, ఆమె స్టీరింగ్ ముందు కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చాడు. స్టీరింగ్‌ని పైన పట్టుకోకు, అడుగున పట్టుకో అన్నాడు. నీ చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ వెనక భాగం అటు పోతుంది, అంతే విద్య. అడుగున పట్టుకుంటే భుజం ఎత్తే పని కూడా లేదు.

వెండెల్ వెనక్కి పోయి రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి నిలబడ్డాడు. మొదటిసారి ట్రైలర్ బల్ల వైపు పోయింది. లోర్నా మళ్ళీ ముందుకి తీసింది. రెండోసారి పొదలోకి. కుర్చీలో ఒకాయన లేచి సలహా చెప్పబోతే వెండెల్ అరచెయ్యి చూపించి కూర్చోబెట్టాడు. తర్వాత ఎన్నిసార్లు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ట్రైలర్ వంకరగా, కానీ లోపలే, ఆగింది. బీరు డబ్బాలు కింద పెట్టి జనం చప్పట్లు కొట్టారు. తొందరేం లేదన్న పెద్దమనిషి అందరికన్నా గట్టిగా కొట్టాడు. లోర్నా దిగి వెళ్ళి వెండెల్ పక్కన నిలబడింది. ఆమె గుండె తేలిగ్గా ఉంది.

సాయంత్రం బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చున్నట్టు పక్కపక్కన కూర్చోలేదు. ఎదురెదురుగా కూర్చున్నారు. టెస్ తాత ముక్కుకి ముక్కు ఆనించేంత దగ్గరికి వచ్చి పొద్దుటి ప్రశ్నలన్నీ మళ్ళీ మొదలుపెట్టింది. చిల్లులు పొడిచింది వడ్రంగి పిట్ట అనీ, ఆ పుట్టగొడుగు తింటే చస్తావనీ జవాబులు వచ్చాయి. తిరిగి వెళ్ళగానే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని హైడీ అంది. అలాగే అన్నాడు. నేనేమన్నానో చెప్పు అని నిలదీసింది. చెవుల డాక్టరు అన్నాడు. అప్పుడు వదిలింది. నీ భుజం సంగతీ అక్కడే తేలుస్తానని తల్లికి కూడా వేలు చూపించింది.

లోర్నా చేతిలోని చెంచా పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ దేనికి దేనికి అలాగే అన్నావో తెలుసా అని మొగుణ్ణి అడిగి, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. పడవ నా తమ్ముడికి ఇచ్చేస్తానంటే అలాగే అన్నావు. చర్చి హాలుకి నువ్వొక్కడివే సున్నం వేస్తావని పాస్టరుకి మాటిచ్చానంటే అలాగే అన్నావు. వంటగదికి పసుపు రంగు వేయిస్తానంటే అలాగే అన్నావు.

"ఆ రంగుకి నేనొప్పుకున్నానా?" వెండెల్ నిజంగా బాధపడ్డాడు. "అది చూసినప్పుడల్లా కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది. నీకిష్టమేమోనని నోరు మూసుకున్నా."

"నాకూ నచ్చలేదు. నువ్వు ఒప్పుకున్నావని ఊరుకున్నా."

హైడీ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది. వెండెల్ కూడా నవ్వాడు. నవ్వి, తగ్గి, భార్య పెదాల మీద చూపు నిలిపాడు.

"ఇంకా దేనికి ఒప్పుకున్నాను?"

లోర్నా ప్రతి మాటా పెదాల మీద విడివిడిగా కనపడేలా చెప్పింది.

"నేను వెళ్ళిపోవడానికి."

"దానికి ఒప్పుకోను" అన్నాడు వెండెల్.

రెండేళ్ళలో ఆమె మాటకి అతను కాదన్నది అదే మొదలు. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు పాపం. పక్క జాగాల వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. లోర్నా చూడనిచ్చింది. ఇంకోసారి చెప్పమని మొగుణ్ణి అడిగింది.