తల ఆనిన చోటు

ఆ ఇల్లు చూడగానే నాకు నచ్చింది. కంచరపాలెంలో రైలు పట్టాలకి రెండు వీధులు ఇవతల, ఒక మేడ కింది వాటా. ఒక గది, వెనక నిలబడి వండుకునేంత వంటిల్లు, పక్కన స్నానాల గది. అంతే. మా ఆయన సుమంత్ గది మధ్యలో నిలబడి చేతులు చాపి, "నీలూ, ఈ గోడా ఆ గోడా ఒకేసారి ముట్టుకోవచ్చే" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. దువ్వాడలో అత్తవారింట్లో రెండు గదుల్లో అందరం ఒకరి కాళ్ళ దగ్గర ఒకరం పడుకునేవాళ్ళం. నా చీరలు ఎవరి పెట్టెలో ఉన్నాయో వెతుక్కోవాల్సి వచ్చేది. మేకు ఎక్కడ కొట్టాలో నేను చెప్పగలిగిన మొదటి ఇల్లు ఇదే. సుమంత్ పోర్టులో క్రేన్ నడుపుతాడు, డ్యూటీకి దగ్గర. పాప దేవిశ్రీకి బడి వీధి చివరే.

చిన్న ఇంట్లో నేల మీద చోటుండదు. గోడల మీద ఉంటుంది. వంటింటి తలుపు వెనక కొక్కేలు దిగ్గొట్టి గరిటెలన్నీ తగిలించాను. కిటికీ కింద మడత బల్ల బిగించాం, తినేటప్పుడు దించడం, తిన్నాక ఎత్తేయడం. గుమ్మం పైన పొడుగునా ఒక చెక్క, దాని మీద డబ్బాలు. గదికి అడ్డంగా కర్టెన్ వేసి, అవతలి మూల పాపకిచ్చాను. అక్కడ పట్టేది ఒక పెట్టె మంచమే. పరుపు ఎత్తితే లోపల దాని బట్టలు, బొమ్మలు. "ఇది నా రూమ్" అని దేవిశ్రీ కర్టెన్ తీసి వేసి, తీసి వేసి ఆడుకుంది.

ఆ మూల గోడ మీదే మరక ఉండేది.

పడుకున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, పళ్ళెమంత మరక. అంచులు గోధుమరంగు, నడుమ నలుపు. గోడంతా రంగు మీద రంగు వేసిన పొరలున్నాయి, ఆ చోట మాత్రం ఏ రంగూ నిలవలేదు. వేలితో రాస్తే కడగని మూకుడు ముట్టుకున్నట్టు జిడ్డు తగిలింది.

మేడ మీద ఉండే ఇంటావిడ నూకాలుని పిలిచి చూపించాను. ఆవిడ గడప దాటి లోపలికి రాలేదు. అక్కణ్ణుంచే మెడ చాపి చూసింది.

"సెమ్మమ్మా అది. వానలకి ఊరతాది. ఏదో ఒక కాయితం అంటించెయ్, అవుపడదు."

సోడాపొడితో రుద్దాను. చాకుతో గీకాను. పచ్చగా, మైనంలాంటి పెచ్చులు రాలాయి. గోళ్ళల్లో దూరినవి సబ్బుతో కడిగినా తొందరగా పోలేదు. చివరికి ఆవిడ చెప్పిందే చేశాను. లేత ఆకుపచ్చ మీద తెల్ల పిట్టలున్న వాల్‌పేపర్ తెచ్చి, రెండు ముక్కలు పక్కపక్కన అతుకు కలిసేలా అంటించాను. చిన్న దీపాల తోరణం కట్టాను. ఆ సాయంత్రం ఫోటో తీసి మా చెల్లికి పంపితే, "అక్కా, ఏటిది, మీ ఇల్లేనా!" అంది. చాలాసేపు ఆ మూలనే చూస్తూ కూర్చున్నాను.

ముందు వాసన మొదలైంది.

కర్టెన్ తీసినప్పుడల్లా, ఎవరిదో ఉతకని దిండు గలీబు నా మొహం మీద వేసినట్టుండేది. ముక్కిపోయిన కొబ్బరినూనె, ఎండిన చొంగ, మాసిన తల. దుప్పట్లు ఉతికాను. పరుపు ఎండలో వేశాను. అగరొత్తి వెలిగిస్తే ఆ రెండు వాసనలూ కలిసి ఇంకా ఘాటెక్కాయి.

తర్వాత కాగితం ఉబ్బింది. ఒక తెల్ల పిట్ట సరిగ్గా పొట్ట దగ్గర ఉబ్బి పైకి లేచింది. లోపల గాలి ఉందేమో, నొక్కితే అణుగుతుందని బొటనవేలితో నొక్కాను. అణగలేదు. మెత్తగా జారింది. అతుకులోంచి చిక్కటి పసుపుపచ్చ చుక్క ఒకటి ఊరి, నా గోరు మీదికి కారింది. గోరువెచ్చగా ఉంది. అందులో ఒక పొడుగాటి తెల్ల వెంట్రుక చుట్టుకుని ఉంది. స్నానాల గదిలోకి పరిగెత్తి, తిన్నదంతా కక్కేశాను.

సుమంత్‌కి చెబితే, "సెమ్మకి గోడలో ఏవేవో పడతాయే. సెలవు రోజున సిమెంటు పూయిత్తాను" అన్నాడు.

మర్నాడు దేవిశ్రీ నిద్ర లేచి కర్టెన్ తప్పించుకుని బయటికి వచ్చింది. దాని జుట్టు నున్నగా దువ్వి, బిగించి జడ వేసి ఉంది. నూనె కణతల మీదుగా చెంపల మీదికి కారుతోంది. ఆ కంపు నాకు తెలుసు.

"జడెవరేసారమ్మా?"

"మామ్మ."

"ఏ మామ్మ?"

కర్టెన్ వైపు చూసి, గొంతు తగ్గించింది. "పడుకునుంటాది కదా, ఆ మామ్మ. నాకేసింది. నన్ను కూడా దువ్వమంటంది."

నూకాలే తెల్లారకుండా వచ్చి ఏదో చేసిందనుకున్నాను. ఈ ఇంట్లో నాకు తెలిసిన మామ్మ ఆవిడొక్కతే. పాప తల విప్పి, ఒళ్ళో పాత పేపరు పరిచి పేల దువ్వెన పెట్టాను. మొదటి దువ్వుకే పేపరు మీద టపటపా రాలాయి. అంత పేలు నేనెప్పుడూ చూడలేదు. లావుగా, నిండుగా నెత్తురు తాగి కదల్లేనట్టు పడి ఉన్నాయి. నిన్న సాయంత్రం దాని తలలో ఒక్కటి లేదు.

పైకెళ్ళి నూకాలుని అడిగేశాను. ఆవిడ నా మొహంలోకి చూడలేదు.

"మీ గుంట జుట్టు నానెందుకు ముడతానమ్మా? తల గోడకి తగలనీకు. మంచం ఇవతలకి లాగేసుకో."

"ఎందుకు పిన్నీ?"

"సెమ్మని సెప్పేను కదేటి!"

లాగడానికి చోటేది? ఇటు బీరువా, అటు మా మంచం. జానెడు మాత్రం జరిపాను. పాపని నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. పొద్దున్న లేచేసరికి పెట్టె మంచం మళ్ళీ గోడకి ఆని ఉంది. నేల మీద ఈడ్చిన గీతలున్నాయి. ఇల్లు మారిపోదామని సుమంత్‌తో గట్టిగా చెప్పాను. ఈసారి నవ్వలేదు. ఈ అల్పపీడనం వానలు తగ్గాక వెతుకుదామన్నాడు.

ఆ వానల్లోనే ఒక రోజు జరిగింది.

బడికి సెలవిచ్చారు. సుమంత్ డ్యూటీకి వెళ్ళాడు. అన్నాలయ్యాక కరెంటు పోయింది. మబ్బుకి పట్టపగలే ఇల్లంతా మసకబారింది. పాప నా మంచం మీద నిద్రపోతోంది. నేను వంటింట్లో సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. రైలు ఒకటి పోయింది. అది వెళ్ళాక వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

దాని అడుగున ఇంకో చప్పుడు...

సర్... సర్... సర్... టక్.

చిక్కు పడ్డ జుట్టులో దువ్వెన ఆగిన చప్పుడు. కాసేపు ఆగింది. మళ్ళీ సర్... సర్...

గదిలోకి వచ్చాను. మంచం మీద పాప లేదు. కర్టెన్ వేసి ఉంది. దాని వెనక నుంచి, గొంతులో కఫం అడ్డుపడ్డట్టు, తడి తడిగా ఒక గుసగుస.

"ఇటు... ఇంకాస్త ఇటు రా అమ్మా..."

"నొప్పెడతంది మామ్మా..." నా కూతురి గొంతు.

కర్టెన్ లాగేశాను.

దేవిశ్రీ పెట్టె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. దాని జడ... సగం దాకా కనబడుతోంది. మిగతా సగం వాల్‌పేపర్ అతుకులోకి పోయింది. అక్కడ సందు లేదు. గోరు కూడా దూరదు. అయినా జడ లోపలికే ఉంది. నేను చూస్తుండగానే లోపలి నుంచి ఒక్క గుంజు గుంజింది. పాప తల గోడకి తగిలి, చెవి నలిగింది.

జడ పట్టుకుని లాగాను. అవతల ఎవరో పట్టుకున్నట్టు బిగిసి ఉంది. పాప కేక పెట్టింది. కాగితం మూల దొరకపుచ్చుకుని చింపాను. పొడిగా చిరగలేదు. మరిగిన పాల మీద మీగడ లేచినట్టు... వెచ్చగా, సాగుతూ, నా వేళ్ళకి చుట్టుకుంటూ ఊడి వచ్చింది.

వెనక గోడ లేదు.

జుట్టుంది. నెరిసి, పసుపెక్కి, నూనెతో అట్టలు కట్టిన జుట్టు. అట్టల మధ్య చుండ్రు, ఎండిన చీము. అంతా కదులుతోంది... పేలు. ఆ జుట్టులోకి నా కూతురి నల్లటి జడని పాయ పాయగా, ఓపిగ్గా, ఎంతో పొందికగా అల్లి ఉంది.

దాని నడుమ ఒక సుడి కనబడింది. నడినెత్తి మీద ఉంటుందే, ఆ సుడి. అప్పుడర్థమైంది నాకు. అది మనిషి తల. గోడ వైపు మొహం పెట్టి పడుకున్న మనిషి తల.

అది కదిలింది.

మెల్లగా... నా వైపు తిరుగుతోంది. ముందు చెవి వచ్చింది. చెవి వెనక పుండు. తర్వాత కణత... కంటి మూల...

చేపలు కోసే కత్తెర తెచ్చి జడ కోసేశాను. ఎక్కడ కోశానో చూడలేదు. పాపని భుజాన వేసుకుని వానలోకి పరిగెత్తాను. వెనక నుంచి అరుపేం రాలేదు. ఏడుపు వచ్చింది. ముసలి ఏడుపు.

మేడ మెట్లెక్కాను. నూకాలు తలుపు తీసే ఉంది. నేల మీద కూర్చుని అన్నం తింటోంది. చేపల పులుసు. నన్ను చూసింది, పాప తెగిన జుట్టు చూసింది. ఆవిడ చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది.

"మల్లీ మొదలెట్టిందేటి?" అంది.

"ఎవరు? ఎవరది?"

"మా అత్త." ముద్ద కలుపుకుంది. "పక్షవాతం వొచ్చి ఆ మూలే పడుండేది. కంపు బరించలేక మొగం గోడకి తిప్పేసేవోలం. తల దువ్వండీ, తల దువ్వండీ అని ఒకటే గోల. పుండ్లూ, పేలూనూ, ఎవులు ముడతారు సెప్పు? పోయిన్నాడు ఎత్తబోతే తల రాలేదు. జుట్టు జిడ్డుకి గోడకంటుకు పోనాది. కత్తిరించి తీసేం."

"మిగతా జుట్టు?"

"మీద సున్నం కొట్టించీసేం."

ముల్లు తీసి కంచం అంచున పెట్టి, వేళ్ళు నాకింది. ఒక్కొక్క వేలూ. ఆ వేళ్ళు చూస్తుంటే నాకు కింద గోడలో చూసినదాని కంటే ఎక్కువ రోత పుట్టింది. నేను కాగితం చింపినప్పుడు చేతికి అంటిన జిడ్డు వాన కడిగేసింది. ఈవిడని ఏ వాన కడుగుతుంది?

"అన్నీ తెలిసి, పసిపిల్లని అక్కడ పడుకోనిచ్చావా పిన్నీ?"

"కాయితం అంటించమన్నాను కదేటి," అంది నూకాలు, నేనే ఏదో తప్పు చేసినట్టు.

పాపతో మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. పాప నా మెడ చుట్టూ చేతులేసి, "మామ్మ ఏడుత్తందమ్మా" అంటూనే ఉంది.

సుమంత్ వచ్చాక టార్చి వేసుకుని లోపలికెళ్ళాడు. చిరిగిన కాగితం నేల మీద పడుంది. గోడ మీద పాత మరక, అంతే. జుట్టు లేదు. నేను కోసి వదిలేసిన జడ కూడా లేదు. ఆయన మంచం కిందా, పెట్టెలోనూ, కాగితం వెనకా వెతికాడు. ఒక్క వెంట్రుక దొరకలేదు. బయటికొచ్చి ఆటోని పిలిచాడు.

సామాన్లు తర్వాత ఆయనొక్కడే వెళ్ళి తెచ్చాడు. గోడకి బిగించినవేవీ ఊడదీయొద్దని నేనే చెప్పాను. సింహాచలం తీసుకెళ్ళి పాపకి గుండు చేయించాం. దేవిశ్రీ మళ్ళీ బాగా తింటోంది, బడికి వెళ్తోంది, మామ్మ మాట ఎత్తడం లేదు.

ఈసారి ఇల్లు వెతికేటప్పుడు నాదొకటే షరతు. అంతకు ముందు ఎవరూ ఉండి ఉండకూడదు. దువ్వాడ అవతల కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు దొరికింది. ఇంకా సిమెంటు వాసన పోలేదు. కిటికీ అద్దాల మీద కంపెనీ కాగితాలు కూడా ఒలవలేదు. ఆ ఫ్లాట్‌లో మొదట కాపురం పెట్టింది మేమే. వాచ్‌మన్ జగ్గయ్యని మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. కట్టేటప్పుడు పనోళ్ళు తప్ప ఇంకెవరూ ఇందులో పడుకోలేదన్నాడు.

పాలు పొంగించాక సుమంత్ పెట్టె మంచం మోసుకొచ్చాడు. పిల్లల గది తెల్లగా ఉంది. ఎక్కడా మరక లేదు. నిండా ఎండ పడుతోంది.

"నీ మంచం ఎటెయ్యాలో నువ్వే సెప్పు," అన్నాడు దేవిశ్రీతో.

అది గది చుట్టూ తిరిగింది. ఒక్కో గోడనీ అరచేత్తో తడుముకుంటూ వెళ్ళి, కిటికీ పక్క గోడ దగ్గర ఆగింది. చెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది. మొహం వికారంగా పెట్టి, అరచెయ్యి గౌనుకి తుడుచుకుంది. గౌను మీద తడి మరక పడింది.

"ఇటొద్దు నాన్నా," అంది. "ఇక్కడెవరో నోరు తెరిసి ఉన్నారు."