కట్టేసిన పొట్టేలు

...అట్ల కాదు కోడలా, నీళ్లు దొంగతనమైన కాడ నుంచి రాయి. నీ కూతురు ఏడ్చింది తర్వాత రాద్దువు.

జాకబ్ చీనీ తోట ఎండిపాయ. కాయలు రాలిపాయ. బోరు మాత్రం దినామూ ఆడతానే ఉండాది. మన ఐదిండ్లకూ అదొకటే బోరు. ఎవరి పైపుకు ఎప్పుడు, ఎంతసేపు వదలాలో కంప్యూటరే చూస్తాది. ఆ ప్రోగ్రామ్ రాసింది నీ కూతురు చంద్రికనే.

కంబదూరు నుంచి ఎస్సై తిరుపాలమ్మ వచ్చింది. అందర్నీ బోరుకాడ నిలబెట్టింది. ఐదిండ్ల పైపుల మూతులూ ఆడనే ఉండాయి.

"పంపకం ఎవరు మార్చినారు?"

"ఎవరూ మార్చలేరు మేడమ్," అనె చంద్రిక. "అందరి వంతులూ ఒక ఆబ్జెక్ట్‌లో పెట్టి, దానికి పంపకం అని పేరు కట్టినా. కాన్‌స్ట్ పెట్టినా. ఒకసారి పెడితే అంతే, మళ్లీ మార్చనీదు అది."

జాకబ్ మీదికొచ్చినాడు. "విన్నారా మేడమ్? ఎవరూ మార్చలేరంట! అట్లయితే రాసేటప్పుడే నా గొంతు కోసింది ఈ పిల్ల. జీపెక్కించండి."

కానిస్టేబుల్ ముందుకొచ్చినాడు. అప్పుడు ఏడ్చింది నీ కూతురు.

ఆడనే గూటానికి తాడుతో కట్టేసిన నా పొట్టేలు. ఉన్ని కత్తిరిస్తాంటి. ఎస్సై దాని తట్టు చూసింది.

"తాతా, ఆ తాడుకు ఇంకో పొట్టేలును కట్టొచ్చునా?"

"ముడి ఇప్పితే గదమ్మా కట్టేది! నేను ఇప్పనీను."

"పొద్దున ఉన్నట్లే ఉండాదా అది?"

"యాడ? సగం బోడి ఐపాయ."

ఎస్సై తిరిగింది. "నేనూ కంప్యూటర్ చదివినదాన్నే పాపా. నీ కాన్‌స్ట్ దేన్ని ఆపుతాది? తాడునా, కత్తెరనా?"

చంద్రిక పొట్టేలు కల్లా చూసింది. "తాడునే మేడమ్. ఆ పేరుకు ఇంకో ఆబ్జెక్ట్ కట్టలేరు. లోపలుండే వంతులు... మార్చొచ్చు."

"యాడ నుంచి?"

"వంతులు మార్చి చూసుకునేకి ట్రయల్ స్క్రీన్ ఒకటుండాది. అది ఉత్త ట్రయలే, నిజం నీళ్లు పారవు. దాంట్లో పరీక్ష అని వేరే పేరు పెట్టినా."

"వేరే పేరా, వేరే ఆబ్జెక్టా? కాపీ తీసినావా?"

చంద్రిక తను రాసింది ఫోన్లో తీసి చూసుకునింది.

"లేదు మేడమ్. పేర్లు రెండు. పొట్టేలు ఒకటే."

"ఆ స్క్రీన్ ఎవరి ఫోన్లో ఉండాది?"

మోటారు చూసే ఓబుళేసు ఫోన్లో. ఐదిండ్లల్లో ఆయప్పదీ ఒకటి.

"నేను ముట్టనే లేదు మేడమ్," అనె ఓబుళేసు. "ఆ బొమ్మలాట నాకెందుకు?"

"సరేప్పా, ఫోను ఇటియ్యి. ఇప్పుడు జాకబ్ వంతు. ట్రయల్లో దాన్ని నీ పైపుకు పెడతాండా. చూద్దాం."

అందరూ ఫోను కల్లా చూస్తాండారు. ఓబుళేసు ఒక్కడే వంగినాడు. తన పైపు మూతి కింద విడిచిన చెప్పులు తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఎస్సై నొక్కింది.

బుస్సుమని ఓబుళేసు పైపులో నీళ్లు! జాకబ్ పంచె తడిసిపాయ.

"ఉత్త బొమ్మలాట అంటివి గదప్పా," అనె ఎస్సై. "నేను నొక్కకముందే చెప్పులెందుకు తీస్తివి?"

ఓబుళేసు తల దించుకున్నాడు. "నా టమోటా వాడిపోతాంటే చూడలేకపోయినా మేడమ్."

"జాకబ్ చెట్లు వాడితే చూడగలిగినావా? ఎక్కు జీపు."

చంద్రిక ఆడనే కూర్చుని ప్రోగ్రామ్ సరిచేసింది. ట్రయల్‌కు వేరే కాపీ ఇచ్చింది. పంపకాన్ని లోపల కూడా ఎవరూ మార్చకుండా ఫ్రీజ్ చేసింది. తాడు ఒకటే చాలదని తెలిసొచ్చింది.

ఆ దినం నుంచి జాకబ్ మన గడప తొక్కలేదు. సిగ్గు ఆయప్పకు. నువ్వే పోయి ఆయప్పకు ఇది చదివి వినిపించు కోడలా. "జీపెక్కించండి" అన్న మాట మింగొద్దు, ఉన్నదున్నట్లే చదువు. ఆ పొద్దు కండ్లు తుడుచుకుంటానే చంద్రిక మొదట నీళ్లు వదిలింది ఆయప్ప చీనీ చెట్లకేనని, అదీ చదువు.