గుట్ట మీద నుంచి మైసమ్మ ఇల్లు

"ఆ కాగితం చింపి పొయ్యిల పెట్టు," అంది సమ్మక్క.

హన్మంత్ నొచ్చుకున్నాడు. గుట్టెక్కడానికి రెండు రోజులు కూర్చుని రాసిన ప్లాను అది. టైము, నీళ్లు, రొట్టెలు, దిగే దారి, అన్నీ ఉన్నాయి. జనగామలో చదువుకున్న పటేళ్ల కొడుకు మరి. సాయుధ దళంలో చేరి ఏడాదైనా కాగితం మీద పెట్టనిదే నాలుగడుగులు వేయడు.

"ఏం తప్పుంది గిందుల?"

"బూట్లేసుకుంటనని రాసినవ్. మొలల బూట్లు. అడవి కాసే జంగ్లాత్ జవాను అడుగులు చూసుకుంట ఎనకనే వస్తడు."

"సరే, ఇడుస్త."

"పగటీలి రొట్టెలు కాలుస్తవా? పొగ లేస్తె మిలటరీ క్యాంపోళ్లే వస్తరు బువ్వకు."

"అటుకులు తింట."

"తెల్ల అంగి?"

"అది గూడ ఇడువాల్నా?"

సమ్మక్క నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. హన్మంత్ కోపంగా ఉందామనుకున్నాడు గాని కుదరలేదు.

అది పంతొమ్మిది వందల యాభై. భూపాలపల్లి వైపు సర్కారు అడవిలో దళం తలదాచుకుంది. వీళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటామంటే దళనాయకుడు బుచ్చయ్య కాదనలేదు. సమ్మక్కే మెలిక పెట్టింది. గుట్ట కింది పల్లెలో ఉన్న తన తల్లి మైసమ్మ ఒప్పుకోవాలి. పల్లెలో మిలటరీ క్యాంపు ఉంది కాబట్టి మనుషులు పోయి రావడం కష్టం. కట్టెలకొచ్చిన ముసలామెతో కబురు పంపారు. ఇష్టమైతే బేస్తవారం ఇంటి కప్పు మీద పసుపులో ముంచిన గుడ్డ ఆరెయ్యాలి, లేకపోతే ఏమీ వద్దు. అది కనబడేది గుట్ట కొన నుంచే, అదీ పగటిపూటే.

"పటేళ్ల పిలగాడు లడాయి అయిపోంగనె ఇంటికి ఉరుకుతడంటది మా అవ్వ," అంది సమ్మక్క.

"నువ్వేమంటవ్?"

"అవ్వ కాదంటె కాదు. ఏడుస్త, గని చేసుకోను."

హన్మంత్ కాగితం చింపేశాడు.

బేస్తవారం పొద్దెక్కేసరికి ఇద్దరూ కొనకు చేరారు. హన్మంత్ కాళ్లలో మూడు ముళ్లు విరిగాయి. బండ మీద బోర్లా పడుకుని అతను కళ్లు మూసుకున్నాడు.

"నువ్వే చూడు. నాకు భయమైతాంది."

సమ్మక్క ఒక్కో కప్పూ మళ్లీ మళ్లీ చూసింది.

"లేదా?"

"మా ఇల్లు దొరుకుతలేదు."

"మీ ఇల్లు నీకు దొరుకకపోవుడేంది?" కళ్లు తెరిచాడు.

పల్లెలో ఇరవై ఇళ్లుంటాయి. ప్రతి కప్పు మీదా పసుపు గుడ్డే. తువ్వాళ్లు, సగం ధోతులు, పాత చీర ముక్కలు. కొన్ని ముదురుగా, కొన్ని పసుపు చాలక వెలిసినట్టుగా ఉన్నాయి.

"మా అవ్వ నోట్ల నువ్వుగింజ నానది," అంది సమ్మక్క. "ఊరంత చెప్పింది. ఒక్కింటి మీదనె ఉంటె క్యాంపోడు ఏందని అడుగుతడు గద, అందుకె అందరేసిన్రు."

"అయితె ఒప్పుకున్నట్టేనా?"

"ఊరంత ఒప్పుకున్నంక మా అవ్వొక్కతె ఏం జేస్తది?" ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. "ఇగ చూడు, నువ్వు ఉరికినవనుకో, ఎంబడి వచ్చేది నేనొక్కదాన్నె కాదు. ఇరవై ఇండ్లోళ్లు వస్తరు."

ఉరకనన్నాడు హన్మంత్. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని గాని సమ్మక్క గుట్ట దిగలేదు.