ఖాళీగా ఉన్న రెండో గడి

ఆదివారం పొద్దున్నే చంద్రరావు పెరట్లో నిలబడి రెండు చక్కెరకేళి గెలల్లో ఏది పెద్దదా అని తేల్చుకోలేకపోతున్నాడు. రావులపాలెం మార్కెట్‌కి ఇరవై ఏళ్ళుగా అరటి తోలుతున్న మనిషికి గెల ఎంచడం ఒక లెక్క కాదు. కానీ ఇది అమ్మకానికి వెళ్ళే గెల కాదు, కొవ్వూరులో ఉదయభాస్కర్ గారింటికి వెళ్ళే గెల.

"ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది. ఆ గెలకేమైనా పెళ్ళిచూపులా?" అంది సత్యవాణి వంటింటి గుమ్మంలోంచి.

"నీకేం తెలుసే, పిల్ల చదువు విషయం. చిన్నది పట్టుకెళ్తే ఏం బాగుంటుంది?"

వాళ్ళమ్మాయి సారిక తొమ్మిదో తరగతి. ఈ ఏడాది వీరవేణి టీచర్ పిల్లలందరికీ సొంతంగా రాసే ప్రాజెక్టు ఒకటి పెట్టింది. కథైనా సరే, ఇంట్లో జరిగిన సంగతైనా సరే. షరతు ఒక్కటే. బడి వాళ్ళూ ఇంటి వాళ్ళూ కాకుండా బయటి మనిషి ఒకరు మెంటర్‌గా ఉండాలి. పిల్ల రాసింది వారం వారం చదివో, వినో, ఫారం నింపి సంతకం పెట్టాలి. ఫారంలో వారానికి రెండు గడులు: 'ఏది బాగుంది', 'ఏది మార్చాలి'.

మెంటర్ కావాలని పిల్ల చెప్పగానే చంద్రరావు వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన ఉదయభాస్కర్ గారిని ఒప్పించాడు. పెద్దవాళ్ళ దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళడం వాళ్ళ ఇంటా వంటా లేదు. మొదటివారం కర్పూరం గెల, రెండోవారం అమృతపాణి, మూడోవారం రెండూ. ఫలితం కూడా అలాగే వచ్చింది. మొదటి గడిలో 'బాగుంది' కాస్తా 'అద్భుతం' అయి, ఆపైన 'అమోఘం' అయింది. రెండో గడిలో మూడుసార్లూ 'ఏమీ లేదు'. చంద్రరావు ఆ ఫారం ఫొటో తీసి మార్కెట్‌లో చూపించని మనిషి లేడు.

సంతోషం లేనిది సారికకే. వారం రోజులుగా ముభావంగా తిరుగుతోంది. రేపే ప్రాజెక్టు ఇచ్చెయ్యాలి.

గెల కట్టడానికి తాడు కోసం పక్కసందులోకి వెళ్ళిన చంద్రరావుకి కుళాయి దగ్గర కూతురి గొంతు వినిపించింది. చేపలమ్మే పెద్దింట్లమ్మ కత్తిపీట ముందు కూర్చుని కొరమీనుకి బూడిద రాస్తోంది. ఎదురుగా సారిక, చేతిలో కాగితాలు.

"నీళ్ళు గెలల దాకా వచ్చాయి. పడవలో అందరూ ఏడుస్తున్నారు. మా నాన్న మాత్రం నిటారుగా నిలబడి, పోతే పోయింది, మళ్ళీ వేద్దాం అన్నాడు."

"ఆగు పాపా. ఇక్కడ నాకు నమ్మబుద్ధి కావట్లేదు" అంది పెద్దింట్లమ్మ. "ముందు రాసిన వాన బాగుంది, తడిసినట్టే ఉంది. ఇది మాత్రం బాగోలేదు. కళ్ళముందు తోట మునిగిపోతుంటే అలా నిలబడ్డవాణ్ణి నేను చూళ్ళేదు. వల కొట్టుకుపోయిందని మా ఆయన మూడ్రోజులు అన్నం తినలేదు."

చంద్రరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాలేజీలో చెప్పినాయన అమోఘం అన్నదాన్ని నువ్వు బాగోలేదంటావా పెద్దింట్లమ్మా? చేపల సంగతైతే చెప్పు, వింటాను."

పెద్దింట్లమ్మ తొణకలేదు. "నేను ఐదుతో ఆపేసినదాన్నండి బాబూ. పాప చదివింది, ఏం తోచిందో చెప్పమంది, చెప్పాను. ఇష్టం లేకపోతే ఇంక వినను."

"నేనే అడిగాను నాన్నా" అంది సారిక. "రెండో వారం నుంచీ ఈ మామ్మకే వినిపిస్తున్నాను. రేపు ఫారంలో కూడా మామ్మ పేరే రాస్తాను."

"చాల్చాల్లే! నేను అంతదూరం వెళ్ళి అంత పెద్దాయన్ని తెస్తే, చేపల తట్ట పట్టుకొచ్చే ఆవిడ పేరా? నలుగురూ ఏమనుకుంటారు? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"మీకు మొహమాటపడని మనిషి ఈవిడొక్కతే నాన్నా. రోజూ గుమ్మంలో మీరెంత బేరమాడినా దిగదు కదా! సార్‌కి పోయినవారం కావాలనే ఒకే పేజీ రెండుసార్లు పెట్టిచ్చాను. అదీ అమోఘమే అన్నారు." సారిక కాగితాలు మడిచేసింది. "నాకు రాయడం వచ్చో రాదో నాకెలా తెలుస్తుంది? మామ్మకి వినిపించొద్దంటే నేను రాయనే రాయను. మానేశానని రేపు టీచర్‌తో చెప్పేస్తాను."

పిల్ల కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. చంద్రరావుకి కోపం సగం దిగింది కానీ పంతం దిగలేదు. "ఒకే పేజీ రెండుసార్లా? ఆయన చూసుండరు. ఉండు, ఆయన్నే అడుగుతాను" అని ఫోన్ తీసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"నమస్కారం మాస్టారూ. మా అమ్మాయి రాసింది బాగుందో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. ఇక్కడ మా చేపలావిడ ఏవో వంకలు పెడుతోంది."

"చంద్రరావు గారూ, ఇవాళ కూడా గెల తెస్తున్నారా?"

"తెస్తున్నానండి, చక్కెరకేళి."

"అదేనండీ వచ్చిన చిక్కు! ఇంటిల్లిపాదీ మీ పళ్ళే తింటున్నాం. అవి తింటూ పిల్ల రాతలో తప్పులెలా రాయనండీ? రెండో గడి దగ్గరికొచ్చేసరికి కలం కదిలేది కాదు. ఒకే పేజీ రెండుసార్లు వచ్చింది, చూశాను. చెప్పలేకపోయాను. తప్పు నాదేనండి. వంకలు పెడుతున్న ఆవిడ పేరే రాయించండి. అమ్మాయికి కావలసిన మనిషి ఆవిడే."

ఫోన్ పెట్టేసి చంద్రరావు మెట్టు మీద కూలబడ్డాడు. తను మోసుకెళ్ళిన గెలలే కూతురికి అడ్డం పడ్డాయని తెలిసి అతనికి సిగ్గేసింది. అంతకంటే సిగ్గేసిన సంగతి ఇంకొకటుంది. ఇంతమందికి ఫారం చూపించాడే కానీ, పిల్ల రాసిన ఒక్క పేజీ కూడా తను చదవలేదు.

"ఏదీ, మొదటినుంచీ చదువమ్మా" అన్నాడు.

సారిక ముక్కు ఎగబీలుస్తూ చదివింది. సారిక నెలల పిల్లగా ఉన్నప్పుడు గోదావరి లంకలో తోట వరదకి మునిగిన రోజు అది. వాన, ఎర్రనీళ్ళు, ఆఖరి పడవ, అన్నీ వచ్చాయి. పడవలో నాన్న నిటారుగా నిలబడ్డాడు.

"చాలా బా..." అనబోయి చంద్రరావు నాలిక కరుచుకున్నాడు. పెద్దింట్లమ్మ వంక చూసి తల దించుకున్నాడు.

"ఆవిడ చెప్పిందే నిజమమ్మా. నేను నిలబడలేదు. అటు తిరిగి కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పడవ నడిపేవాడు తన తువ్వాలు నా చేతిలో పెట్టి చూడనట్టు ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక మీ అమ్మ బెంబేలెత్తిపోతుందని అలా గొప్పగా చెప్పాను. అదే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను."

గొడవ విని అక్కడికొచ్చిన సత్యవాణి లోపలికెళ్ళి, బీరువా అడుగునుంచి వెలిసిపోయిన గళ్ళ తువ్వాలొకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"ఆరోజు మీరిది మెడలో వేసుకొచ్చారు. మనది కాదు. నిండా తడిసి ఉంది. నాకు అప్పుడే తెలుసండీ. మీరు చెప్పినప్పుడు విందామని దాచాను."

చంద్రరావు దాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి అటు తిరగలేదు. సారిక వెళ్ళి పక్కన కూర్చుని భుజాన తల ఆనించింది.

మధ్యాహ్నానికి పెద్దింట్లమ్మ మిగతా వీధులు తిరిగి ఖాళీ తట్టతో వచ్చింది. సారిక కొత్తగా రాసిన పేజీ చదివింది. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి పెద్దింట్లమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఫారం ఒళ్ళో పెట్టుకుని, డ్వాక్రా పుస్తకంలో పెట్టినంత శ్రద్ధగా కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"రెండో గడిలో ఏం రాయమంటావు మామ్మా?"

"ఆఖర్ని 'మా నాన్న చాలా గొప్పవాడు' అన్నావే, అది తీసెయ్యమని రాసుకో. ముందే తెలిసిపోయింది కదా, మళ్ళీ చెప్పడం దేనికి?"

ఉబ్బితబ్బిబ్బైన చంద్రరావు ఒక్క ఉదుటున లేచి పొద్దుటి చక్కెరకేళి గెల భుజానికెత్తుకున్నాడు. "పెద్దింట్లమ్మా, ఇది నీకే..."

"వద్దు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

చంద్రరావు గెల దించి, తనే ఒక పండు వలుచుకుని కూతురి పక్కన కూర్చున్నాడు. సారిక ఆఖరి వాక్యం కొట్టేస్తుంటే దగ్గరుండి చూశాడు.