టికెట్టు లేని డాక్టరు

తలుపు తీసేసరికి ఓడ నర్సు నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"మేడమ్, మీరు డిటెక్టివట కదా! రేవు చేరగానే నన్ను పోలీసులకు అప్పగిస్తారట. నేనిచ్చిన మాత్ర వల్లే పెద్దాయన పోయారని డాక్టరుగారు చెప్పారు. నేనే మాత్రా ఇవ్వలేదమ్మా!"

డిటెక్టివ్ ఆమెను కూర్చోబెట్టి, మేనల్లుడి చేత మంచినీళ్ళు ఇప్పించింది. అత్త కళ్ళు చిన్నవి కావడం చూడగానే, విహారయాత్ర ముగిసిందని ఆమె సహాయకుడైన మేనల్లుడికి అర్థమైంది. ఆ చూపంటే అతనికి ఎప్పుడూ భక్తే.

పోయిన పెద్దాయన భోజనాలప్పుడు వాళ్ళ బల్ల దగ్గరే కూర్చునేవాడు. నల్ల తొడుగు వేసిన ఎడమచేతిని బల్లమీద కదలకుండా ఉంచి, వడ్డించేవాడు కోసిపెట్టిన ముక్కలను కుడిచేత్తో తినేవాడు. ఓడ డాక్టరుదీ అదే బల్ల. అతని చూపు తన పళ్ళెం దాటేది కాదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"టికెట్టు కొనేవాళ్ళంతా వెర్రివాళ్ళండీ! ఒక ఓడలో నక్షత్రాల మీద ఉపన్యాసాలిచ్చాను. ఇంకో ఓడలో ఒంటరి ఆడవాళ్ళతో డాన్సు చేశాను. మరోదాంట్లో ప్రార్థనలు చేయించాను. ఎక్కడా పైసా కట్టలేదు."

పక్కనే కూర్చున్న పెద్దాయన తమ్ముడు పగలబడి నవ్వాడు. అత్త నవ్వలేదు.

"అసలేం జరిగింది?" అని ఇప్పుడు నర్సును అడిగింది.

"ఛాతీలో నొప్పన్నారు. పక్కన వేరే ఎవరూ లేరు, వదిలి వెళ్ళలేక డాక్టరుగారికి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను. వస్తున్నానంటారే గానీ, వెనక డాన్సు హాలు పాటలే వినపడ్డాయి. ప్రాణం పోయాక వచ్చి, గుమ్మంలోంచే చూసి దుప్పటి కప్పమన్నారు."

డిటెక్టివ్ కెప్టెన్‌తో మాట్లాడి అందరినీ భోజనశాలలో కూర్చోబెట్టింది.

"డాక్టరుగారూ, పెద్దాయన బతికి ఉండగా పరీక్ష చేశారా?"

"చేయకేం? నా మాత్ర ఒకటి, ఈవిడ ఇచ్చింది ఒకటి!"

"నాడి చూశారా?"

"శుభ్రంగా చూశాను. మంచం గోడకు ఆనుకుని ఉంటుంది కదా, కుడిచెయ్యి గోడవైపు పడింది. ఎడమచెయ్యి పట్టుకుని చూశాను. నాడి బ్రహ్మాండంగా ఉంది."

పెద్దాయన తమ్ముడు కుర్చీ తోసుకుని లేచాడు. "ఏ చెయ్యి పట్టుకున్నావురా? ఫ్యాక్టరీలో మిషను కింద పడి మా అన్నయ్య ఎడమచెయ్యి ఎప్పుడో పోయింది. అది కొయ్యచెయ్యి!"



"ఇతను ఆ గదిలో అడుగు పెట్టలేదు," అంది డిటెక్టివ్. "అడుగుపెడితే తన బండారం బయటపడుతుంది. నక్షత్రాలు, డాన్సు, ప్రార్థనలు అయ్యాక, ఊరికే తిరగడానికి ఈసారి వేసిన వేషం డాక్టరు. పెద్దాయన పోయేసరికి భయపడి, నింద నర్సు నెత్తిన రుద్దాడు. కెప్టెన్ గారూ, ప్రయాణం ఊరికే ఇస్తే చాలన్నాడు గనక, జీతం మిగులుతుందని మీవాళ్ళు డాక్టరు పట్టా కూడా చూడలేదు కదూ?"



"నేను వెళ్ళినా ఏం చేసేవాణ్ణండీ?" అన్నాడు దొంగడాక్టరు. "నాకేం తెలుసని?"

"ఆ ముక్క ఫోన్లో చెప్పి ఉంటే సరిపోయేది. డబ్బిచ్చి టికెట్టు కొనుక్కున్న అసలు డాక్టర్లు ఇదే ఓడలో ఉన్నారు. ఆమె వాళ్ళలో ఒకరిని పిలిపించేది."

తమ్ముడు నర్సు దగ్గరికి వచ్చాడు. "అన్నయ్య చివర్లో ఏమన్నాడమ్మా?"

"తమ్ముడు పడుకుని ఉంటాడు, లేపొద్దన్నారండీ."

అతను అక్కడే కూలబడి ఏడ్చాడు.

రేవులో పోలీసులు దొంగడాక్టరును దింపుతుంటే అత్తా మేనల్లుడూ పై అంతస్తులో కాఫీ తాగుతున్నారు. మెట్ల మీద ఆగి అతను అధికారిని అడిగిన మాట పైదాకా వినిపించింది:

"నన్ను వెనక్కి పంపే ఖర్చు మీదేనా అండీ?"

మేనల్లుడు కప్పు పక్కనపెట్టి, తొంగి చూడబోయాడు.

"అటెందుకు చూస్తావురా?" అంది అత్త. "కాఫీ చల్లారిపోతుంది."