తెరలో ఉన్నావిడ

రెండో అంతస్తులో మెట్ల పక్కనున్న ఆ ఇంటి తలుపు దాకా పేపరు వేసే అతను కూడా వెళ్ళడు. మెట్ల మీద నుంచే విసిరేసి దిగిపోతాడు. పై అంతస్తులవాళ్ళు ఆ గుమ్మం ముందు చెప్పుల చప్పుడు కూడా కానివ్వరు. ఆ ఇంట్లో టీవీ పెడితే చాలు — వార్తలు రానీ, క్రికెట్ రానీ — బొమ్మ వెనకాల ఒక ఆడమనిషి కూర్చుని కనిపిస్తుందట. కేబుల్ అతను ఒక్కసారి చూసి, సామాను కూడా అక్కడే వదిలేసి వచ్చాడని చెప్పుకుంటారు.

ఇది మా చిన్న మామయ్య చెప్పిన సంగతి. ఆయన టీవీలు బాగుచేస్తాడు. మా ఇంట్లో ఆయన్ని పిక్చర్ మామయ్య అంటాం. సినిమాలో హీరోయిన్ చచ్చిపోతుంటే మేమంతా ముక్కులు చీదుకుంటాం, ఆయన మాత్రం నలుపు సరిగ్గా రావట్లేదే అంటాడు. అలాంటి మనిషికి దెయ్యమంటే నవ్వు కాక ఇంకేముంటుంది? దెయ్యానికి కనెక్షన్ ఎవరిచ్చారో కనుక్కుని వస్తానని బ్యాగు తగిలించుకుని బయల్దేరాడట.

అప్పటికి పొద్దు వాలిపోయింది...

తలుపు తీసింది ఆ ఇంటి పెద్దాయన కూతురు. గుమ్మంలోనే నిలబెట్టి, గొంతు బాగా తగ్గించి అంతా చెప్పింది. అమ్మ పోయి నాలుగు నెలలైంది. నాన్న టీవీ ముందు నుంచి లేవడు. నిద్ర కూడా ఆ కుర్చీలోనే. పది రోజులుగా మంచినీళ్ళు, రెండు బిస్కెట్లు, అంతే. తెరలో అమ్మ ఉందంటాడు. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. రేపు పొద్దున్నే తన ఇంటికి తీసుకెళ్ళిపోదామంటే, అమ్మని వదిలి రానంటున్నాడు.

"ఆ బొమ్మ పోవాలన్నయ్యా. ఇవాళే పోవాలి."

తను మాత్రం ఆ టీవీ వైపు ఇంతవరకూ కన్నెత్తి చూడలేదట. చూస్తే తట్టుకోలేనంది.

హాల్లో గోడంత టీవీ. ఎదురుగా కుర్చీలో ఎముకల గూడులా పెద్దాయన. ఎవరొచ్చారని కూడా తల తిప్పలేదు.

వార్తలు వస్తున్నాయి. చదివే అమ్మాయి భుజం వెనక, ఎడమ పక్కన... ఉంది. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి. సన్నటి పొగతో గీసినట్టు.

మామయ్య పని మొదలుపెట్టాడు. మామూలు ఛానలేమోనని హెచ్‌డీ ఛానలు పెట్టాడు. వార్తల అమ్మాయి ఇంకా స్పష్టంగా వచ్చింది — ఆవిడ కూడా అలాగే ఉంది. షార్ప్‌నెస్ తగ్గించాడు. రంగులు తగ్గించాడు. కేబుల్ మార్చాడు. ఊహూఁ... కదల్లేదు. చివరికి కరెంటు వైరు తప్ప ఉన్న కేబుళ్ళన్నీ పీకేశాడు. ఇక లోపలికి ఏ బొమ్మా రావడానికి దారే లేదు. తెరలో లోపముంటే ఖాళీ తెర మీదే బయటపడుతుంది. అందుకని హాల్లో లైటు ఆర్పేసి, తెరంతా ఒకే బూడిద రంగు వచ్చేలా పెట్టాడు.

ఆ బూడిద రంగులో... ఆవిడ ఒక్కతే.

కళ్ళు. ముక్కు. కాస్త విడిపడిన పెదవులు. తిన్నగా ఇటే చూస్తోంది.

ఆ మాట నాకు చెప్తూ కూడా మామయ్య అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అయినా మెకానిక్ బుర్ర కదా, నెమ్మదిగా పనిచేసింది. ఈ టీవీలో ఒకే బొమ్మని రోజుల తరబడి ఆపి ఉంచారా అని వంటగదిలో నిలబడ్డ కూతుర్ని అడిగాడు. ఉంచారంది. అమ్మ వీడియో ఒక్కటే ఒక్కటి ఉందట. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషట ఆవిడ. నాన్న ఆ వీడియోని టీవీలో పెట్టి, ఒక చోట ఆపేసి, రెండు నెలలు రాత్రీ పగలూ అలాగే చూస్తూ కూర్చున్నాడు. తనొచ్చి వీడియో తీసేయించినా మనిషి లేవలేదు.

మామయ్య గుండె కుదుటపడింది. ఇంతేనా అమ్మా, అన్నాడు. బొమ్మ అన్నాళ్ళు కదలకుండా ఉంటే తెర మీద దాని మరక పడిపోతుంది. క్యాలెండర్ తీసేశాక గోడ మీద దాని ఆకారం మిగలదూ, అలాగే. దెయ్యం లేదు, గియ్యం లేదు. తెరని లోపల్నుంచి శుభ్రం చేసే ఏర్పాటు టీవీ సెట్టింగుల్లోనే ఉంటుంది, గంట పని.

నాకు మాత్రం ఇక్కడే కళ్ళు నిండాయి. ఒక మనిషి అంతసేపు ప్రేమగా చూస్తే గాజుకి కూడా మరక పడుతుందన్నమాట.

అప్పుడు పెద్దాయన మొదటిసారి నోరు విప్పాడు.

"బాబూ... ఆవిడకి నొప్పి పుడుతుందా?"

పుట్టదు బాబాయ్ గారూ, అంటూ మామయ్య బటన్ నొక్కేశాడు.

తెర నల్లబడిపోయింది. కింద మూలన చిన్న ఎర్ర లైటు తప్ప ఏమీ లేదు. పెద్దాయన చెయ్యి కూతురు తన రెండు చేతుల్లో పెట్టుకుంది. గంట అయ్యేదాకా వదల్లేదు.

తర్వాత మామయ్య మళ్ళీ బూడిద రంగు పెట్టాడు. కడిగిన పలకలా ఉంది. ఎవరూ లేరు.

కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది, గండం గడిచిందని. పెద్దాయన గొడవేమీ చెయ్యలేదు. అన్నం పెట్టమన్నాడు. ఆమె పరుగున వెళ్ళి కంచం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

మామయ్య సామాను సర్దుకుంటూ, ఇకమీదట బొమ్మని అలా ఆపి ఉంచొద్దని చెప్పి, ఇంతకీ ఆ వీడియో ఏదమ్మా అన్నాడు. ఆమె ఫోనులో పెట్టి చూపించింది. తొమ్మిది సెకన్లు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఆవిడ బట్టలు మడత పెడుతోంది. తెలియకుండా వెనక నుంచి తీశాడు పెద్దాయన. జుట్టు ముడి, మెడ, వీపు... మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా ఇటు తిరగలేదు.

మామయ్య మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు.

వీపే.

తను తెరలో చూసిన మొహం సంగతి కూతురికి చెప్పకుండా ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు. కానీ వెనక కుర్చీలోంచి పెద్దాయన, అన్నం కలుపుతూ, ఆ ఖాళీ తెర వైపే చూస్తూ, మెల్లిగా అన్నాడట —

"మొదట్లో అటే తిరిగి ఉండేది బాబూ. రోజూ కాస్త కాస్త ఇటు తిరిగింది. నిన్న పెదవి విప్పింది... ఇంకొక్క రోజు ఆగి ఉంటే, ఏదో చెప్పేది."