క్లిఫ్టన్ పేరుతో వచ్చిన గొంతు

శనివారం పొద్దున్నే ఫిలడెల్ఫియాలో పెటవే వాళ్ల వంటింట్లో రికార్డు మొదలైంది. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆ రికార్డు వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. బార్బర్ షాపు తెరవడానికి వెళ్లేముందు ఓటిస్ పెటవే కొడుకు పాట వినాలి, కళ్లు తుడుచుకోవాలి, ఆ తర్వాతే కాఫీ. కొడుకు క్లిఫ్టన్, వీధి మూలన పాడుకునే అతని స్నేహితులు కలిసి తమ పాటల జట్టుకి బెల్‌గ్రోవ్స్ అని పేరు పెట్టుకున్నారు. పేట దాటితే ఆ పేరు ఎవరికీ తెలియదు. ఓటిస్‌కి మాత్రం లోకమంతా చెవులు రిక్కించి వింటున్నట్టే ఉండేది.

గిన్నెలు కడుగుతున్న కూతురు వెర్డెల్ పాటతో పాటు గొంతు కలిపింది.

"నోరు ముయ్యవే! వాడి పాట విననీ," అని కసిరాడు ఓటిస్.

వెర్డెల్ చేతిలో పళ్లెం తొట్టిలోకి విసిరేసింది. "వాడి పాటా?"

"వెర్డీ, వద్దు," అన్నాడు క్లిఫ్టన్. సాయంత్రం హాల్లో జనం ముందు పాడాలి. తెర వెనక నిలబడి పాడిపెట్టమని నిన్నటి నుంచీ చెల్లెలి కాళ్లావేళ్లా పడుతున్నాడు.

"ఎందుకు వద్దు? టీవీలో రికార్డు తిరుగుతుంటే పెదాలు కదిపి వచ్చేశావు. ఇవాళ హాల్లో ఏం కదుపుతావు అన్నయ్యా?"

"ఏం వాగుతోందే ఇది?" ఓటిస్ భార్య వైపు తిరిగాడు.

లర్లీన్ పొయ్యి మీది నుంచి చూపు తిప్పలేదు. "రికార్డు చేసేరోజు వాడికి జలుబుతో గొంతు పోయింది. స్టూడియో మళ్లీ దొరకదన్నారు. వాడు పాడే సన్నని పై గొంతు వంతు ఇది పాడింది. మీ మురిపెం చూసి చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"అబద్ధం! అన్న పైకొస్తున్నాడని దీనికి కుళ్లు!"

"అయితే అన్నయ్యని పాడమను," అంది వెర్డెల్.

క్లిఫ్టన్ పాడాడు. పై స్వరం దగ్గర గొంతు చీరుకుపోయింది. ఓటిస్ చెయ్యెత్తి కొడుకు మీదికి వెళ్లాడు. వెర్డెల్ అడ్డంగా నిలబడింది.

"వాణ్ణి కొట్టకు నాన్నా. వాడు నా పాట తీసుకున్నాడు, అంతే. నా నోరు మూయించింది నువ్వు. అన్నయ్య సాధన చేసుకుంటున్నాడు ఆపు, అన్నయ్య నిద్రపోతున్నాడు ఆపు. పుట్టినప్పటి నుంచీ ఇదేగా నాతో నువ్వన్న మాట!"

క్లిఫ్టన్ తల దించుకున్నాడు. "నిజమే నాన్నా. సాయంత్రం వెర్డీయే ముందు నిలబడాలి. లేకపోతే నేను వెళ్లను."

ఓటిస్ కుర్చీలో కూలబడ్డాడు. పెంకితనమంతా మొహంలోంచి జారిపోయింది.

"రోజూ విని ఏడ్చాను. నా కొడుకు గుండెల్లో ఇంత బాధ ఎక్కడిదిరా దేవుడా అనుకున్నాను." అతను కూతురి వైపు తిరిగాడు. "అది నీదా తల్లీ?"

ఓటిస్ చెయ్యి చాచి రికార్డు ఆపేశాడు.

"పాడమ్మా. ఈసారి నీదని తెలిసి వింటాను."

ఆమె కోపం పోలేదు. అయినా మొదలుపెట్టింది.